కెమెరా ఎక్కడ నిలబడాలి?

తెర మీద ఒకే మనిషి ఒకసారి చీమంత, మరోసారి కొండంత ఎందుకు కనబడతాడు? కెమెరా ఎంత దూరం నుంచి, ఎంత ఎత్తు నుంచి చూస్తోందన్న దాన్నిబట్టి. ఆ చూపుల్నే షాట్లు అంటారు. మన చాట్రాయి మామిడి తోటలోనే వాటిని నేర్చుకుందాం.

1. లాంగ్ షాట్: తోటంతా కనబడుతుంది, మనుషులు చిన్నగా ఉంటారు. ఎక్కడ జరుగుతోందో చెబుతుంది.

2. ఫుల్ షాట్: తల నుంచి పాదం దాకా. చిక్కంతో కాయ దింపే మనిషి ఏం చేస్తున్నాడో తెలుస్తుంది.

3. మిడ్ షాట్: నడుము నుంచి పైకి. రైతు, వ్యాపారి బేరమాడుతుంటే ఇది సరిపోతుంది.

4. క్లోజప్: ముఖం మాత్రమే. ధర విన్నాక రైతు మనసులో మాట ఇక్కడ బయటపడుతుంది.

5. ఎక్స్‌ట్రీమ్ క్లోజప్: కళ్ళు మాత్రమే, లేదా తొడిమ దగ్గర కారే సొన మాత్రమే.

ఇక ఎత్తు సంగతి. కెమెరా కింద నుంచి పైకి చూస్తే (లో యాంగిల్) మనిషి బలవంతుడిలా కనిపిస్తాడు. పైనుంచి కిందికి చూస్తే (హై యాంగిల్) చిన్నబోయినట్టు ఉంటాడు. కంటి ఎత్తులో ఉంటే మనతో సమానంగా ఉంటాడు. 1918లో మన నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు గారు 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఈసారి ఆ సినిమా చూసేటప్పుడు, ఘటోత్కచుడు వచ్చిన ప్రతిసారీ కెమెరా ఎక్కడుందో గమనించండి.

ఇదంతా మనకెందుకు అంటారా? హాస్టల్ పిల్లల మీద వచ్చే వీడియోలు చూడండి. పిల్లలు కంచాలతో కింద కూర్చుంటారు, కెమెరా నిలబడి పైనుంచి చూస్తుంది. తీసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ చూసేవారికి మిగిలేది జాలి. అదే కెమెరా పక్కన కూర్చుని, లెక్క చేస్తున్న విద్యార్థిని కంటి ఎత్తులో చూపిస్తే మిగిలేది గౌరవం.

అందుకే ఈ వార్షికోత్సవాన్ని మేమే సెల్‌ఫోన్లతో తీయాలనుకున్నాం. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. ఒక్కో షాటు కనీసం 5 సెకన్లు కదపకుండా తీయాలి. అడగకుండా ఎవరి ముఖాన్నీ క్లోజప్‌లో తీయకూడదు. తమ్ముళ్ళను తీసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలారా, మీరు కూడా ఫోను తీసే ముందు ఒక్కసారి వంగండి. మన హాస్టల్ సరిగ్గా కనబడేది ఆ ఎత్తు నుంచే.