మస్టర్‌లో ఒక పేరు, గుడిలో ఒక పేరు

రుద్రంపూర్, కొత్తగూడెం

బిడ్డా,

విద్యార్థుల సదస్సు కోసం నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మన మిషన్ బడుల్లో కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ఫీజు లేని సీట్లు పక్కన పెట్టాలన్నావు. పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. ఆదివారం పూజకొచ్చి, సోమవారం ఎస్సీ సర్టిఫికెట్ చూపించేవాళ్లు విశ్వాసాన్ని అమ్ముకుంటున్నారని రాశావు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మీ తాత సంగతి నీకెవరూ చెప్పలేదనుకుంటా. జ్ఞానస్నానం రిజిస్టర్‌లో ఆయన జోజప్ప, బొగ్గుబాయి మస్టర్‌లో ఎల్లయ్య. ఫిల్లర్‌గా పొద్దంతా తట్టలెత్తి టబ్బులు నింపి, ఇంటికొచ్చి మోకాళ్ల మీద జపమాల చెప్పేవాడు. నన్ను బళ్లో వేసేటప్పుడు నాకూ అలాంటి హిందూ పేరే రాయించాడు. స్కాలర్‌షిప్పు రావాలంటే అదే దారన్నారు. ఆ రాత్రి చేతిలో జపమాలతో ఏడుస్తుంటే చూశాను. ఆయన ఏం అమ్ముకున్నాడు బిడ్డా?

మీ నాన్నకు బాయిలో వారసత్వ ఉద్యోగం దొరికాక కాగితాల్లో క్రైస్తవుడిగా మార్పించుకున్నాడు. అందుకే నువ్వు బీసీ-సి అని ధైర్యంగా చెప్పి మైనింగ్‌లో సీటు తెచ్చుకున్నావు. నాకది గర్వమే. అయితే ఆ ధైర్యం వెనక మీ నాన్న పర్మనెంట్ జీతం ఉంది. 1990 ప్రాంతంలో సింగరేణి బొగ్గు గనుల్లో లక్షకు పైగా ఉన్న పర్మనెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల దాకా మిగిలారు. చదువు లేకున్నా తట్ట పట్టుకుంటే బతుకు దొరికే రోజులు పోయాయి. ఓపెన్ కాస్టులో రోజుకూలీకి పోయేవాడి బిడ్డకు ఉన్న ఒక్క దారి చదువే. దాని గుమ్మం దగ్గర కుల సర్టిఫికెట్ అడుగుతారు.

ఆ గుమ్మం కట్టింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానివాడు ఎస్సీ కాడని దాని మూడో పేరా అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులైన మన దళితులకు మాత్రం ఇక్కడ బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్. దళిత క్రైస్తవులనూ ఎస్సీల్లో చేర్చాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022లో కేంద్రం మళ్లీ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. చర్చికి పోతూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు అంది. అంటే నీ వ్యాసంలో మన వీధివాళ్లు ఎవరో ఆనవాలు పడితే వాళ్ల పిల్లల సీట్లు, ఉద్యోగాలు పోతాయి. మూడో పేజీలో వాళ్ల గురించి రాసిన మాటలు తీసెయ్. నీ కోపమంతా ఆ ఉత్తర్వు మూడో పేరా మీద పెట్టు.

చట్టం మారదని నిరాశపడకు. 2019 దాకా భూగర్భ గనిలో పనికి ఆడవాళ్లను చట్టం రానిచ్చేది కాదు. ఇవాళ నువ్వు ఆ పనికే చదువుతున్నావు.

ఇంకో మాట, ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. క్రైస్తవ సంఘం లోపలే అంటరానితనం ఉందని మన బిషప్పులు 2016లో దళిత విధాన పత్రంలో రాసి ఒప్పుకున్నారు. మన పారిష్‌లో ఆ పత్రం ఎవరైనా చదివారా? ఫాదర్ గారిని మర్యాదగానే అడుగు, కానీ నలుగురిలో అడుగు. సర్కారును న్యాయం అడిగే నోరు మన గుడిలోనూ లేవాలి. నేను నలభై ఏళ్లు వెనక బెంచీలో కూర్చుని అడగలేకపోయాను. ఆ బాధ నాకింకా ఉంది.

వచ్చే శనివారం రా. ఇక్కడ కాంట్రాక్టు కార్మికుల ఇళ్లు పద్నాలుగు నాకు తెలుసు. ఏ ఇంటి బిడ్డ ఏ బడికి పోతోంది, ఎంత ఫీజు కడుతున్నారు, ఎక్కడ చదువు ఆగింది, ఇద్దరం తిరిగి రాసుకుందాం. పేర్లు వద్దు. ఖాళీ అయిన ఆ మూడో పేజీలో అది పెట్టు.

మీ పెదనాన్న