కిస్తు కట్టే ఇంటికి

కరీంనగర్

మేనకోడలికి,

ఫోన్‌లో నువ్వు అడిగినవి రెండు మాటలు. దసరాకు అల్లుడికి సింగరేణి బోనస్ వస్తే మొత్తం ఇంటి లోన్‌లో కట్టేయాలా అన్నది ఒకటి. జీతాలు రెండు వస్తున్నా ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో పైసలెందుకు ఉండటం లేదన్నది రెండోది. ఇవి వేర్వేరు ప్రశ్నలు కావు బిడ్డా. రెండో దానికి జవాబు దొరికితేనే మొదటి దానికి దొరుకుతుంది. ఫోన్‌లో లెక్కలు చెబితే నిలవవు కాబట్టి కాగితం మీద పెడుతున్నా. అల్లుడితో కూర్చుని చదువు.

ముందు మీ లోన్ సంగతి. మంచిర్యాలలో ఇంటికి మీరు తీసుకున్నది 25 లక్షలు, 20 ఏళ్లకు, 8.5 శాతం మిత్తికి. నెల కిస్తు 21,696 రూపాయలు. బ్యాంకు ఇచ్చిన కిస్తుల పట్టిక బీరువాలో ఉంటుంది, తీసి మొదటి వరుస చూడు. ఆ 21,696లో మిత్తి కిందికి పోయింది 17,708. అసలులో తగ్గింది నాలుగు వేల లోపే. పన్నెండు నెలలూ ఒక్కటి తప్పకుండా కడితే మీరు కట్టింది 2 లక్షల 60 వేలు, అసలు తగ్గింది 50 వేలు. ఇందులో బ్యాంకు చేసిన మోసమేమీ లేదు. మిగిలి ఉన్న అసలు మీద మిత్తి లెక్కేస్తారు కాబట్టి మొదటి ఏళ్లలో మిత్తి వాటా ఎక్కువ, చివరి ఏళ్లలో అసలు వాటా ఎక్కువ. ఇలాగే 20 ఏళ్లు కడితే 25 లక్షలకు 52 లక్షలు కట్టినట్టు.

అందుకే మొదటి ఏళ్లలో అదనంగా కట్టే రూపాయికి బలం ఎక్కువ. లెక్క సులువు కోసం రేటు మారలేదనుకుందాం. ఏడాది నిండాక ఒక లక్ష అదనంగా కట్టి, కిస్తు పాతదే ఉంచి కాలం తగ్గించమంటే, లోన్ 21 నెలల ముందే తీరుతుంది. మిత్తిలో మూడున్నర లక్షలకు పైగా మిగులుతుంది. అదే లక్ష కట్టి, కాలం అంతే ఉంచి కిస్తు తగ్గించమంటే నెలకు తగ్గేది తొమ్మిది వందల లోపే, 19 ఏళ్లలో మిగిలేది లక్ష చిల్లర. కట్టిన పైసలు అవే, బ్యాంకులో చెప్పే మాటే తేడా. కౌంటర్ దగ్గర నోటితో చెప్పి ఊరుకోకు. 'కాలం తగ్గించండి' అని కాగితం మీద రాసివ్వు, కొత్త పట్టిక తీసుకో.

ముందే కడితే జరిమానా వేస్తారని మీ పక్కింటివాళ్లు అన్నారట. రేటు మారుతుండే ఇంటి లోన్ల మీద బ్యాంకులు అలాంటి జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే చెప్పింది. మీది రిజర్వ్ బ్యాంక్ రెపో రేటుకు ముడిపెట్టిన లోన్. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో 6.50 నుంచి 5.50కి దిగింది. ఆ తగ్గింపు మీ ఖాతాలోకి వచ్చిందో లేదో, వస్తే కిస్తు తగ్గించారో కాలం తగ్గించారో కనుక్కో. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా అదే రెపో 4 నుంచి 6.50కి ఎక్కింది. అప్పుడు కిస్తు మారలేదని సంబరపడ్డ చాలామందికి లోపల ఏళ్లు పెరిగాయి. ఆ తర్వాతే, 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు కిస్తు పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా అన్న ఎంపిక అప్పు తీసుకున్నవాళ్లకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఏడాదికొక్కసారి స్టేట్‌మెంట్ తీసి, ఇంకా ఎన్ని కిస్తులు మిగిలాయో చూసుకోవడం నీ పని.

ఇంత చెప్పి కూడా, ఈ దసరా బోనస్ మొత్తం ఇంటి లోన్‌లో వేయమని నేను చెప్పను. కారణం విను.

గృహప్రవేశానికి తక్కువ పడితే రెండు రూపాయల మిత్తికి 80 వేలు తెచ్చామన్నావు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. ఆ 80 వేలకు నెలకు 1,600, ఏడాదికి 19,200 మిత్తే పోతుంది, అసలు అట్లే ఉంటుంది. అదే 80 వేలకు ఇంటి లోన్‌లో ఏడాది మిత్తి 6,800. క్రెడిట్ కార్డు మీద బాకీ మిగిలిస్తే నెలకు మూడు శాతం పైనే పడుతుంది. ముందు తీర్చాల్సింది పెద్ద బాకీని కాదు, మిత్తి ఎక్కువున్న బాకీని. ఇల్లు పెద్ద లోన్‌తో కూలిపోవడం నేను సహకార బ్యాంకు కొలువులో ఉండగా తక్కువే చూశాను. పెద్ద లోన్ కిస్తు కోసం చిన్న అప్పు, దాని మిత్తి కోసం ఇంకో చిన్న అప్పు, అలా కూలినవే ఎక్కువ. మన ఊళ్లలో 2010లో మైక్రోఫైనాన్స్ గొడవ జరిగింది గుర్తుందా, అప్పుడు నువ్వు చిన్నదానివి. ఒక సంస్థ వారం కిస్తు కట్టడానికి ఆడవాళ్లు ఇంకో సంస్థ దగ్గర తెచ్చేవాళ్లు. ఆత్మహత్యల దాకా పోయాక ఆ అక్టోబర్‌లో అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది.

ఇప్పుడు ఇరవయ్యో తారీఖు సంగతి. నువ్వు పంపిన ఖర్చుల చీటీ చూశాను. ఇద్దరి జీతాలు కలిపి 80 వేలు. కిస్తు, కిరాణం, పాలు, కూరగాయలు, గ్యాస్, కరెంటు, పెట్రోల్, ఊర్లో అత్తామామలకు పంపేది, చిట్టి అన్నీ రాశావు. రాయనివి ఏవో తెలుసా? ఏడాదికొకసారి వచ్చేవి. జూన్‌లో పిల్లల ఫీజు, పుస్తకాలు. బతుకమ్మకు చీరలు, దసరాకు యాట, ఇంటికొచ్చే చుట్టాలు. మాఘంలో, వైశాఖంలో పెళ్లిళ్ల కట్నకానుకలు. బండి ఇన్సూరెన్స్. ఎండాకాలం కూలర్ తిరిగే మూడు నెలల కరెంటు బిల్లు. మేడారం జాతర ఉన్న ఏడాది ఎత్తు బంగారం (బెల్లం) మొక్కు ఉందన్నావు. ఇవేవీ అనుకోకుండా వచ్చేవి కావు, ఏ నెలలో వస్తాయో అందరికీ తెలుసు. అయినా వచ్చిన ప్రతిసారీ కొత్తగా వచ్చినట్టు కిరాణంలో ఉద్దెర పెడతాం, చేబదులు తెస్తాం.

ఈ ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి కూడు. మీ ఇంటికి లక్షా ఎనిమిది వేలు అవుతుందని నా అంచనా. పన్నెండుతో భాగిస్తే నెలకు తొమ్మిది వేలు. జీతం పడ్డ రోజే ఆ తొమ్మిది వేలు వేరే ఖాతాకు పంపు. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకు, ఫోన్‌పేకు కలపకు. కిస్తు అయిదో తారీఖున పోతుంది, ఈ తొమ్మిది వేలు ఒకటో తారీఖున పోవాలి. మిగిలిందే నెల ఖర్చు. మొదటి రెండు నెలలు ఇబ్బందిగా ఉంటుంది, బయటి బిర్యానీ ఒకటి రెండు తగ్గుతాయి. కిరాణం మాత్రం నగదుకే తీసుకో. ఉద్దెర పుస్తకంలో రాసే సామాను ధర మనం అడగం, తూకం చూడం.

ముందు పొదుపు తీసి పెట్టాలన్న ఈ మాట మన పాత కరీంనగర్ జిల్లాలో కొత్తది కాదు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు ముల్కనూరులో సహకార బ్యాంకు పెట్టినప్పటి నుంచి అక్కడ రైతుకు అప్పు ఒక్కటే ఇవ్వలేదు, పొదుపు కూడా నేర్పారు. పొదుపు లేనివాడికి అప్పు ఇంకో అప్పునే తెస్తుంది.

ఇక బోనస్. 2024 దసరాకు సింగరేణి లాభాల్లో 33 శాతం పంచితే మనిషికి సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. పన్ను పోను ఈసారి మీ చేతికి లక్షా డెబ్బై వేలు వచ్చిందనుకో. 80 వేలు రెండు రూపాయల బాకీకి కట్టి ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకో. 40 వేలు ఆపదకని ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యి. పండుగకు 25 వేలు, దానికి గీత గీయి. మిగిలిన 25 వేలు లోన్ అసలులో కట్టు. బాకీ తీరాక నెలనెలా మిగిలే 1,600 కూడా ఆపద సొమ్ముకే చేర్చు. మూడు నెలల కిస్తు, ఖర్చు జమ అయ్యేదాకా అలాగే నడవనీ. వచ్చే దసరా నుంచి ఏటా లక్ష అసలులోకి పంపొచ్చు.

అల్లుడు గనిలో దిగే మనిషి. జీతం ఖాతాతో వచ్చే ప్రమాద బీమా ప్రమాదానికే పనికొస్తుంది, జబ్బుకు కాదు. లోన్ ఎంత ఉందో అంతకు తక్కువ కాకుండా టర్మ్ పాలసీ ఒకటి తీసుకోండి. ఇది అసలు కట్టడం కన్నా ముందు చేయాల్సిన పని.

పన్ను మిగులుతుంది కాబట్టి లోన్ తీర్చొద్దని అల్లుడి దోస్తులు అంటున్నారట. పాత పద్ధతిలో సొంతింటి మిత్తి మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉన్న మాట నిజం. 20 శాతం పన్ను కట్టేవాళ్లకు లక్ష మిత్తి కడితే మిగిలేది 20 వేలు, బ్యాంకుకు పోయేది లక్ష. కొత్త పద్ధతిలో మీరుండే ఇంటికి ఆ మినహాయింపే లేదు. మీరు ఏ పద్ధతిలో ఉన్నారో ఆఫీసులో అడిగి, తర్వాత ఆ మాటకు విలువివ్వండి.

లోన్ మొత్తం తీరిన 30 రోజుల్లోపు ఇంటి కాగితాలు బ్యాంకు తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం కట్టాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది నిబంధన. ఆ రోజు ఇరవై ఏళ్లకు కాకుండా పన్నెండు, పదమూడేళ్లకే తెచ్చుకోవచ్చు, మీ సంపాదనకు అది సాధ్యమే. ఈ ఆదివారం ఏడాది ఖర్చుల కాగితం ఇద్దరూ కలిసి రాసి నాకు పంపండి.

ఇట్లు,
నీ మేనమామ