క్షేత్రశిక్షణ కూడా ఒక ఉపకారవేతనమే



ఎం.ఎస్.డబ్ల్యు. అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్. ఇది రెండేళ్ల కోర్సు. బి.ఎ., బి.కాం., బి.ఎస్సి. ఏది చదివినవారైనా సాధారణంగా ఇందులో చేరవచ్చు. మన పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఈ చదువు ఎంచుకునేవారు ఉన్నారు. అయితే కాలేజీలో చేరిన కొద్ది రోజులకే, "వారంలో రెండు రోజులు క్లాసులుండవు, బస్తీకి వెళ్లాలి" అని వారు చెప్పగానే ఇంట్లో కంగారు మొదలవుతుంది. "ఫీజు కట్టింది చదువుకోవడానికా, వీధులు తిరగడానికా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ తిరగడం చదువులో భాగమేనని, అందులో మన సంఘాలకూ ఒక బాధ్యత ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్షేత్రశిక్షణ అంటే ఏమిటి?

వైద్య విద్యార్థికి ఆసుపత్రి ఎంత అవసరమో సోషల్ వర్క్ విద్యార్థికి ఫీల్డ్ వర్క్ అంత అవసరం. పుస్తకంలో చదివిన పద్ధతులను మనుషుల మధ్య, ఒక అనుభవజ్ఞుని పర్యవేక్షణలో అభ్యసించడమే క్షేత్రశిక్షణ. ఇది ప్రధానంగా మూడు రకాలుగా జరుగుతుంది.

1. వారంవారం శిక్షణ: వారానికి రెండు రోజులు, సుమారు 15 గంటలు, కాలేజీ కేటాయించిన సంస్థలో పని చేయాలి. మొదటి ఏడు ఎక్కువగా బస్తీలో, బడిలో, స్వచ్ఛంద సంస్థలో ఉంటుంది. రెండో ఏడు విద్యార్థి ఎంచుకున్న ప్రత్యేక అంశాన్ని బట్టి ఆసుపత్రి, ఫ్యాక్టరీ, పిల్లల సంరక్షణ గృహం వంటి చోట్లకు పంపుతారు.

2. గ్రామీణ శిబిరం: వారం, పది రోజుల పాటు అధ్యాపకులతో కలిసి ఒక పల్లెలో ఉండి పని చేస్తారు.

3. బ్లాక్ ప్లేస్‌మెంట్: కోర్సు చివర సుమారు ఒక నెల, ఉద్యోగిలాగే ఒక సంస్థలో పూర్తికాలం పని చేస్తారు.

విద్యార్థి ప్రతి వారం రిపోర్టు రాసి అధ్యాపకునికి చూపాలి. ఎవరిని కలిశాను, ఏం మాట్లాడాను, ఎక్కడ పొరపాటు చేశాను అన్నది అందులో ఉండాలి. ఆ రిపోర్టు మీద జరిగే చర్చలోనే అసలు చదువు ఉంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఫీల్డ్ వర్క్‌లో విడిగా ఉత్తీర్ణులు కావాలి.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

1884లో లండన్‌లో టోయిన్బీ హాల్, 1889లో అమెరికాలోని షికాగోలో హల్ హౌస్ స్థాపించారు. చదువుకున్నవారు పేదల పేటలోనే కాపురముండి, పొరుగువారిగా పనిచేయడం ఆ సంస్థల ఆశయం. అదే ఆశయంతో అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్షార్ట్ బొంబాయిలో నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్‌ను నడిపారు. ఆ అనుభవం నుంచే 1936లో మన దేశపు మొదటి సోషల్ వర్క్ కళాశాల పుట్టింది. దాని పేరు సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్. అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్.

ఇందులో మనకొక దగ్గరి సంబంధం ఉంది. నాగ్‌పాడాను ఆనుకొనే కామాఠీపుర ఉంది. బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసిన తెలుగు కూలీలను, మేస్త్రీలను అక్కడివారు కామాఠీలు అనేవారు. ఆ పేటకు పేరు వారి వల్లనే వచ్చింది. అంటే ఈ చదువు మన దేశంలో పుట్టిన చోటికి నాలుగడుగుల దూరంలోనే తెలుగువారి గల్లీలు ఉన్నాయన్నమాట.

మద్రాసులో గిల్డ్ ఆఫ్ సర్వీస్‌లో పనిచేసిన మేరీ క్లబ్‌వాలా జాదవ్ చొరవతో 1952లో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఏర్పడింది. అక్కడా సేవాసంస్థ ముందు, కళాశాల తరువాత. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుతో ఫోన్ సేవ కూడా 1996లో టాటా సంస్థ క్షేత్ర ప్రాజెక్టుగానే మొదలైంది. నేడది ప్రభుత్వ వ్యవస్థలో భాగం. క్షేత్రంలో సరిగ్గా చేసిన పని ఎంత దూరం పోగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక పొరపాటు, ఒక పాఠం

నా మొదటి ఏడాది క్షేత్రశిక్షణ షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు కుటుంబాల మధ్య జరిగింది. అక్కడ ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఆమెకు వృద్ధాప్య పింఛను రావాలి, రావడం లేదు. కాగితాలు చూస్తే కారణం తెలిసింది. రేషన్ కార్డులో మహారాష్ట్ర పద్ధతిలో ఆమె పేరు, భర్త పేరు, చివర ఇంటిపేరు ఉన్నాయి. మరో కాగితంలో మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంది, భర్త పేరే లేదు. ఆఫీసు దృష్టిలో వారు ఇద్దరు వేరువేరు మనుషులు.

"అవ్వా, నేను చూసుకుంటా, పింఛను తప్పకుండా ఇప్పిస్తా" అన్నాను. జిరాక్సులు తీయించాను. ఇంతలో పరీక్షలు వచ్చాయి. తరువాతి ఏడు నన్ను ఆసుపత్రికి మార్చారు. వెళ్లి ఒక మాట చెప్పి రావాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. రిపోర్టులో ఆమె సంగతి రెండే వాక్యాలు రాశాను. నేను పనిచేసిన సంస్థలో కేసులు అప్పగించే రిజిస్టరు లేదు.

దాదాపు ఏడాది తరువాత ఆ గల్లీలోకి వేరే పని మీద వెళితే అవ్వ నన్ను గుర్తుపట్టింది. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితాలు తెచ్చింది. "వేరే పిల్ల వచ్చి అడిగింది గాని ఇయ్యలే. నువ్వొస్తవని దాసిపెట్టిన బిడ్డా" అన్నది.

ఆమెకు ఏడాది పింఛను పోయింది నా మాట నమ్మినందుకే. తరువాత తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి ఆ పని పూర్తి చేయించాం గాని, పోయిన నెలలు తిరిగి రాలేదు. నా చేతిలో లేనిది ఇస్తానని చెప్పడం మొదటి తప్పు. చెప్పకుండా వెళ్లిపోవడం రెండో తప్పు. అయితే సంస్థ వైపు ఒక రిజిస్టరు, వారానికి ఒక గంట అడిగే మనిషి ఉండి ఉంటే, నా తప్పు వారం రోజుల్లోనే బయటపడేది. క్షేత్రశిక్షణలో విద్యార్థి పొరపాట్లు చేయడం సహజం. ఆ పొరపాటు బరువు పేదవారి మీద పడకుండా కాపాడవలసింది సంస్థే.

మన సంఘాలు ఏం చేయగలవు?

మన సంఘాలు ఏటా ఉపకారవేతనాలు ఇస్తున్నాయి. కొన్నింటికి హాస్టళ్లు, బడులు, కళ్యాణ మండపాలు ఉన్నాయి. కాని క్షేత్రశిక్షణకు విద్యార్థులను తీసుకునేవి తక్కువ. బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా, చెన్నై పేటల్లోనైనా ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరో భాష అనే ఇబ్బంది మనవారికి రోజూ ఉన్నదే. రెండు భాషలూ వచ్చిన విద్యార్థి అక్కడ ఎంతో ఉపయోగపడతాడు. పేర్ల తేడాల వల్ల ఆగిన దరఖాస్తులు, బడి మానేసిన పిల్లలు, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకారవేతనం గురించి తెలియని తల్లులు, హాస్టల్లో దిగులు పడే కొత్త పిల్లలు, ఇవన్నీ సోషల్ వర్క్ పనులే.

విద్యార్థులను తీసుకోదలచిన సంఘం ముందుగా ఈ ఏర్పాట్లు చేసుకోవాలి.

1. కళాశాల ఫీల్డ్ వర్క్ విభాగానికి ఉత్తరం రాసి, పని వివరాలు, రోజులు, బాధ్యులెవరో కాగితం మీద ఒప్పందం చేసుకోవాలి.

2. వారానికి కనీసం ఒక గంట విద్యార్థితో కూర్చునే పర్యవేక్షకుడు ఒకరుండాలి. వారు సోషల్ వర్క్ చదివినవారైతే మంచిది. లేకపోతే వృత్తిపరమైన పర్యవేక్షణను కళాశాల అధ్యాపకులకు అప్పగించాలి.

3. కేసుల రిజిస్టరు ఉండాలి. విద్యార్థి మారినప్పుడు పాతవారు కొత్తవారిని ఆ ఇంటికి స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేయాలి.

4. చందాల రసీదులు రాయించడానికి, వార్షికోత్సవంలో కుర్చీలు వేయించడానికి విద్యార్థులను పిలవకూడదు. ఒకరోజు సాయం చేస్తే తప్పులేదు. అదే పనిగా పెడితే అది శిక్షణ కాదు.

5. వీలైతే బస్సు పాసు ఖర్చు ఇవ్వాలి. క్షేత్రశిక్షణకు సాధారణంగా జీతం ఉండదు. పేద విద్యార్థికి వారానికి రెండు రోజుల ప్రయాణం భారమే.

విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి

మీ చేతిలో ఉన్నదే మాట ఇవ్వండి. "ఇప్పిస్తాను" అనకండి, "దరఖాస్తు చేయడంలో సాయం చేస్తాను" అనండి. ఇంటివారు చెప్పిన విషయాలు స్నేహితులకు చెప్పకండి, ఫోటోలు తీసి పంచకండి. రిపోర్టులో అసలు పేర్లు రాయకండి. అయితే పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే దాచకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిందే. వెంటనే పర్యవేక్షకునికి చెప్పి వారి సాయం తీసుకోండి. శిక్షణ ముగియడానికి నెల ముందే ఆ కుటుంబాలకు మీరు వెళ్లిపోయే రోజు చెప్పండి. వీడ్కోలు చెప్పడం కూడా పనిలో భాగమే.

తల్లిదండ్రులకు

మీ అమ్మాయిని ఏ సంస్థకు పంపుతున్నారు, పర్యవేక్షకులెవరు, సాయంత్రం ఎన్ని గంటలకు తిరిగి వస్తుంది అని కళాశాలను అడిగే హక్కు మీకుంది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిషేధించే 2013 నాటి చట్టం శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది. పది మంది, అంతకన్న ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ వివరాలు తెలుసుకోండి. భయంతో మాత్రం పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టకండి. బస్తీ నుంచి అలసి వచ్చిన రోజున, "ఇవాళ ఏం చూశావమ్మా?" అని ఒక మాట అడగండి.

అభ్యాసం

1. మీ పేటలో పేరు తేడా వల్ల ఆగిపోయిన దరఖాస్తులు ఎన్ని ఉన్నాయో మీ వీధిలో ఐదు ఇళ్లలో అడిగి తెలుసుకోండి.

2. మీ సంఘంలో ఒక విద్యార్థికి వారానికి 15 గంటలు నేర్చుకోదగ్గ పని ఏముంది? ఒక పేజీలో రాసి సంఘ కార్యదర్శికి ఇవ్వండి.

3. పైన చెప్పిన అవ్వ విషయంలో విద్యార్థిని, సంస్థ, కళాశాల ఒక్కొక్కరు ఏం చేసి ఉండవలసింది? ఇంట్లో పెద్దలతో చర్చించండి.

చెక్కు రూపంలో ఇచ్చే ఉపకారవేతనం ఒక విద్యార్థికి ఒక ఏడు ఉపయోగపడుతుంది. సంఘం తలుపు తెరిచి, ఒక గంట సమయం కేటాయించి ఇచ్చే క్షేత్రశిక్షణ విద్యార్థికీ, ఆ గల్లీకీ ఇద్దరికీ ఉపయోగపడుతుంది. ఈ విద్యా సంవత్సరం కనీసం ఒక్కరికైనా మీ సంఘంలో చోటు కల్పించవలసిందిగా కార్యవర్గ సభ్యులను కోరుతున్నాము.