ఎన్నూరు తీరంలో చమురు తెట్టు

పులివెందులలో కూర్చుని గ్రూప్స్‌కు చదివేవారు సముద్రం దూరమని ఈ అంశాన్ని వదిలేయకూడదు. మన పాపాఘ్ని, చిత్రావతి నీళ్లు పెన్నాలో కలిసి చేరేది బంగాళాఖాతానికే.

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గరి ఎన్నూరులో, కామరాజర్ పోర్టు సమీపాన బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం నౌకలు ఢీకొన్నాయి. బయటికొచ్చింది చిక్కటి ఫర్నేస్ ఆయిల్. పెట్రోలులా త్వరగా ఆవిరి కాదు. నీటితో కలిసి జిగట ముద్దగా మారి రాళ్లకు పట్టుకుంటుంది. అందుకే యంత్రాలు సరిగా పనిచేయక మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు. ఇంత పెద్ద ఓడరేవుల పక్కన ఆ పరిస్థితి రావడం నిజంగా బాధాకరం. జనవరి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా.

చమురు పొర నీటిలోకి వెలుగును, ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. ఈకలు తడిసిన పక్షులు ఒంటి వేడి కోల్పోయి చనిపోతాయి. మడ అడవుల్లో చేరితే శుభ్రం చేయడం మరీ కష్టం.

తెట్టు వ్యాపించకుండా ఆపేవి బూమ్‌లు, పైనుంచి తోడేవి స్కిమ్మర్లు. చమురును తినే సూక్ష్మజీవులను వాడితే బయోరెమిడియేషన్. డిస్పర్సెంట్లు చమురును చిన్న బిందువులుగా విడగొడతాయే గానీ తీసేయవు. లోతు తక్కువ తీరంలో వాటితో చేపలకు ముప్పు.

పరీక్షలో తరచూ తికమక పెట్టేది: జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక 1996 నాటిది, నోడల్ సంస్థ కోస్ట్ గార్డ్. తెట్టు ఎటు కదులుతుందో అంచనా ఇచ్చేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. నౌకల చమురు కాలుష్యంపై అంతర్జాతీయ నిబంధనలు మార్పోల్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి.