దవడకీలు నొప్పి – చేతివైద్యము

చెవులకు ముందు రెండు ప్రక్కలను వ్రేళ్ళు ఆనించి, నోటిని మెల్లగా తెఱచి మూయుడు. వ్రేళ్ళ క్రింద కదలునదియే దవడకీలు. దానికి నొప్పి కలిగినపుడు ఎవరి చేతికి దవడ నప్పగింపవచ్చునో, ఎపుడు అప్పగింపరాదో యీ వ్యాసమున వివరింతుము.

క్రింది దవడయెముక కొన, కణతయెముకయందలి గుంటలో నమరియుండును. రెంటి నడుమ నారలతో నేర్పడిన బిళ్ళ యొకటి కలదు. నోరు తెఱవ నారంభించినపుడు ఎముక కొన తలుపు బందువలె తిరుగును. ఇంకను తెఱచినచో బిళ్ళతోగూడ సొరుగువలె ముందునకు జాఱును. బిళ్ళ చోటు తప్పినపుడు టక్కుమని శబ్దము వినబడును. నొప్పి లేక శబ్దము మాత్రమే యున్నచో భయపడ బనిలేదు.

నిద్రలో పండ్లు కొఱుకుట, మనోవ్యాకులతచే దవడలు బిగించుట, దెబ్బ తగులుట, కీళ్ళవాతము – ఇవి నొప్పికి కారణములు కాగలవు. నర్సీపట్నము ప్రాంతమున చెఱకునకు కొదువ లేదు. నొప్పియున్నవారు గడలను పండ్లతో నొలిచి నమలిన నొప్పి హెచ్చును. వక్కయు గుట్కాయు నమలువారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెఱచుకొనకపోవచ్చును. ఇది కీలునొప్పి కాదు. పుట్టకురుపునకు దారితీయగల వేఱొక వ్యాధి.

చేతివైద్యము మన దేశమునకు క్రొత్తది కాదు. జాఱిన దవడను కాపడము పెట్టి, చోటున గూర్చి, కట్టు కట్టవలెనని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. విఱిగిన యెముకలకు పుత్తూరు కట్టు తెలుగుదేశమంతట ప్రసిద్ధము. అమెరికాలోని డావెన్‌పోర్టు నగరమున 1895లో డి. డి. పామర్ అనునాయన కైరోప్రాక్టిక్ అను పద్ధతిని స్థాపించెను. వెన్నుపూసలు చోటు తప్పుటయే పెక్కు రోగములకు మూలమని ఆయన తలంచెను. ఆ సిద్ధాంతమును నేటి శాస్త్రము అంగీకరింపలేదు. అయినను శిక్షణ పొందినవారు దవడకండరములను మృదువుగా నొత్తి వ్యాయామము నేర్పుటచే కొందఱికి ఉపశమనము కలుగుచున్నది. మెడను హఠాత్తుగా విఱుచుట మాత్రము వేఱు మాట. అరుదుగనైనను మెడలోని రక్తనాళము చీలి పక్షవాతము రావచ్చును. కావున దవడనొప్పికై మెడ విఱుతుమనువారిని వలదనుడు.

సాధారణమైన నొప్పి కొన్ని వారములలో తనంతట తగ్గును. మెత్తని యన్నము, పప్పు, గంజి తినుడు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడము పెట్టుడు. ఆవులింత వచ్చినపుడు గడ్డము క్రింద పిడికిలి యానించుడు. ఊరక యున్నపుడు పెదవులు మూసి, పై పండ్లును క్రింది పండ్లును తాకకుండ నుంచుడు.

ఇంటివైద్యముతో కాలము గడుపరాని సమయములును గలవు. ముల్లో మేకో గ్రుచ్చుకొనిన పిదప దవడ బిగిసినచో అది ధనుర్వాతము కావచ్చును. 10వ యేటను 16వ యేటను ఇచ్చెడి టీడీ టీకా దానిని నివారించును, తల్లిదండ్రులు మఱువకుందురుగాక. ఱొమ్ము నొప్పి, చెమటలతో గూడిన దవడనొప్పి గుండెపోటునకు గుర్తు కావచ్చును. తెఱచిన నోరు మూతపడకున్నను, జ్వరముతో వాపు వచ్చినను, దెబ్బ తగిలిన పిదప పండ్ల కుదురు తప్పినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇట్టివేళ దవడను పిసికించుట అపాయకరము.

నొప్పిని పోగొట్టు చేయి మంచిదే. నొప్పికి కారణ మరసిన పిదపనే దాని నాశ్రయింపుడు.