ఉప్పాడ రోడ్డు ఈవేళ ఉందా?

కీసర నుంచి కొందరు కార్తీక పౌర్ణమికి కాకినాడ బయలుదేరుతున్నారనుకోండి. సముద్రస్నానం, ఆ తర్వాత తీరం వెంబడి ఉప్పాడ దాకా కారులో షికారు. టైర్లలో గాలి చూసుకున్నారు, పెట్రోలు పోయించుకున్నారు. మరి సముద్రం సంగతి?

కాకినాడ రేవుకు ఎదురుగా హోప్ ఐలాండు అనే పొడవాటి ఇసుకదిబ్బ ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకే అది. రేవుకు గోడలా నిలిచి అలల్ని అడ్డుకుంటుంది. ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ అడ్డు లేదు. అందుకే అక్కడ ఎన్నో ఇళ్ళు కడలిలో కలిశాయి. తీరం రోడ్డూ పలుమార్లు తెగింది.

ఎలా తెగుతుంది? రోడ్డు అంచున రక్షణకు బండరాళ్ళు పోస్తారు. అల వాటిని కొట్టి వెనక్కి మళ్ళేటప్పుడు రాళ్ళ అడుగునున్న ఇసుకను ఊడ్చుకుపోతుంది. రాళ్ళు కుంగుతాయి. సందుల్లోంచి నీరు దూరి రోడ్డు కింది మట్టిని కొద్దికొద్దిగా లాగేస్తుంది. పైన తారు మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది! లోపలంతా గుల్ల. బరువైన బండి ఎక్కేదాకా ఆ గుట్టు బయటపడకపోవచ్చు. "నిన్న మావాళ్ళు వెళ్ళొచ్చారు" అన్న మాట ఇక్కడ చెల్లదు.

అల శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1 మీటరు అల 2 మీటర్లయితే శక్తి 4 రెట్లు, 3 మీటర్లయితే 9 రెట్లు. పౌర్ణమినాడు సూర్యుడు, భూమి, చంద్రుడు ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి కనుక పోటు ఎక్కువ. పైగా కార్తీకం తుఫానుల కాలం. గాలి పీడనం 1 మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. గాలి తోసే నీరు దానికి అదనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు విశాఖ బీచ్ రోడ్డు కూడా దెబ్బతింది.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈవేళ ఉదయం 8 గంటలకు పోటయితే ఎల్లుండి ఎప్పుడు? లెక్క వేసి చూడండి.

తమాషా ఏమిటంటే, అలల ఎత్తును ముందుగా అంచనా వేసి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాదులో! తుఫాను హెచ్చరికలు వాతావరణ శాఖ ఇస్తుంది. ఈ రెండూ చూసుకుని, కాకినాడలో దిగాక పోలీసులను కూడా అడగాలి. తీరం దారి మూసి ఉంటే పిఠాపురం మీదుగా ఉప్పాడ చేరవచ్చు. కాస్త చుట్టే, కానీ ఉప్పాడ జామ్‌దానీ మగ్గాలు ఆ దారిన వెళ్ళినా చూడవచ్చు.