ముఖచర్మం బిగించిన తరువాత పక్షం రోజులు



సారంగాపూర్ నుండి జగిత్యాలకు వెళ్లి నర్సింగ్ చదివే విద్యార్థినికి పాఠ్యగ్రంథంలో ఒకటి రెండు పేరాలతో ముగిసిపోయే విషయం ఒకటి ఈ లేఖలో కొంత విస్తరించి చెప్పడం అవసరమైంది. వయసుతో జారిన ముఖచర్మాన్ని ఎత్తి బిగించే శస్త్రచికిత్సను ఫేస్‌లిఫ్ట్ అనీ, అదే పని మెడకు చేస్తే నెక్ లిఫ్ట్ అనీ అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారు దీనికోసం సాధారణంగా హైదరాబాదుకే వెళ్తారు. అయితే ఆపరేషన్ కొన్ని గంటల్లో ముగిసినా కోలుకోవడం వారాల తరబడి ఇంట్లోనే సాగుతుంది, ఆ ఇంట్లో నర్సింగ్ చదివే ఆడపిల్ల ఉంటే చూసుకునే బాధ్యత అడగకుండానే ఆమె మీదికి వస్తుంది.

జాగ్రత్తలను జాబితాగా బట్టీ పట్టడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. అవన్నీ ఒకే కారణం నుండి పుట్టినవని గ్రహిస్తే జాబితాలో లేని సందర్భంలోనూ ఏం చేయాలో తోస్తుంది. ఆ కారణం తెలియాలంటే ముందు ఈ శస్త్రచికిత్స ఎలా జరుగుతుందో తెలియాలి. 1901లో బెర్లిన్‌లో ఓయ్‌గెన్ హోలెండర్ చేసినదాన్ని మొదటి ఫేస్‌లిఫ్ట్‌గా చెబుతారు. ఆ కాలంలో చెవి పక్కన చర్మాన్ని కొంత కోసి, మిగిలినదాన్ని లాగి కుట్టేవారు. అది త్వరగానే మళ్లీ జారేది. చర్మం కింద ముఖ కండరాలను కలుపుతూ ఒక పలుచని పొర ఉందని 1976లో మిట్జ్, పేరోనీ అనే ఫ్రెంచి వైద్యులు వర్ణించిన తరువాత, ఆ లోపొరను బిగించి, చర్మాన్ని దాని మీద వదులుగా పరిచే పద్ధతి స్థిరపడింది. మెడలో ప్లటిస్మా అనే పలుచని కండరాన్ని కూడా ఇదే విధంగా బిగిస్తారు. ఇందుకోసం కణత దగ్గర జుట్టులో మొదలైన కోత చెవి ముందు నుండి దిగి, తమ్మె కింద తిరిగి, చెవి వెనుక జుట్టులోకి పోతుంది; అవసరమైతే గడ్డం కింద మరొక చిన్న కోత ఉంటుంది.

జాగ్రత్తలన్నిటికీ మూలకారణం ఇక్కడే ఉంది. చర్మాన్ని లోపొర నుండి విడదీసినప్పుడు అడుగు నుండి పైకి వచ్చే సన్నని రక్తనాళాలు తెగిపోతాయి కనుక, ఎత్తిన చర్మమంతా ముక్కు, పెదవుల వైపు నుండి పక్కగా పారే రక్తం మీదనే కొన్నాళ్లు బతకాలి. కాకతీయ కాలువ కింద చివరి ఆయకట్టు మడికి నీరు ఆలస్యంగా, తక్కువగా అందినట్లే చెవి వెనుక చర్మానికి రక్తం అందుతుంది. చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. స్పర్శ నరాలు కూడా తెగుతాయి కాబట్టి ఆ చర్మం మొద్దుబారి ఉంటుంది, కాలినా, మంచుకు గాయపడినా నొప్పి ద్వారా తెలియజేయదు. కనుక రోగికి నొప్పి చేయవలసిన పనిని చూసుకునే మనిషి కళ్లు చేయాలి.

మొదటి 24 గంటలు అన్నిటికన్నా ముఖ్యమైనవి. చర్మం కింద రక్తం కారి గూడుకట్టడాన్ని హెమటోమా అంటారు. ఈ శస్త్రచికిత్స తరువాత తరచుగా వచ్చే ఉపద్రవం ఇదే, ఎక్కువగా ఈ గడువులోనే వస్తుంది. రక్తపోటు అదుపులో లేనివారిలో ఇది ఎక్కువ. గడ్డం వెంట్రుకల కుదుళ్లకు రక్తం సమృద్ధిగా అందుతుంది కనుక పురుషులలో స్త్రీలకంటే ఎక్కువ. రెండు వైపులా సమంగా ఉండే వాపు సహజమైనది, అది రెండు మూడు రోజుల వరకు పెరుగుతుంది కూడా. కాని ఒక్క వైపే చూస్తుండగా ఉబ్బి, గట్టిపడి, నొప్పి తీవ్రమైతే అది హెమటోమా అనే అనుమానించాలి. మెడ బిగిసి ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా సర్జన్‌కు ఫోన్ చేస్తూనే 108ని పిలవాలి. సారంగాపూర్‌కు హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. కనుక మరునాడే కారెక్కి ఊరికి బయలుదేరడం తెలివితక్కువ పని. చెవి ముందరి కుట్లు ఐదు నుండి ఏడు రోజులకు, జుట్టులోనివి ఆ తరువాత తీస్తారు కాబట్టి, అంతవరకు హైదరాబాదులోనే చుట్టాలింట ఉండడం మేలు.

రాత్రి పరిశీలన ఎలా చేయాలన్నది వివరంగా తెలుసుకోదగినది. కట్టు ఉన్నంతవరకు దాని అంచుల దగ్గర, కట్టు తీశాక చెంప అంతటా, టార్చి వెలుగులో రెండు వైపులనూ పోల్చి చూడాలి. కట్టు మరీ బిగుతైతే అదే రక్తాన్ని ఆపగలదు కనుక ఆ అనుమానం వస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి. శుభ్రమైన వేలితో చర్మాన్ని మెల్లగా నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఆలస్యంగా వస్తే రక్తం అందడం లేదనీ, నీలంగా మారి మరీ తొందరగా వస్తే వచ్చిన రక్తం వెనక్కు పోవడం లేదనీ అర్థం. చామనఛాయ, నలుపు చర్మంలో ఈ తేడా అంత సులభంగా కనబడదు, అందువల్ల వేడి, చల్లదనం, బిగుతు చేతితోనే తెలుసుకోవాలి. చర్మం కింది ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉంటే, దాని చివరి బుడ్డిలో చేరినది ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగులో ఉందో వేళతో సహా రాసి పెట్టాలి. ఎరుపు క్రమంగా పలుచబడితే మంచిదే, మళ్లీ చిక్కని రక్తం వస్తే మంచిది కాదు.

రక్తపోటు మాత్ర వాడేవారికి అది ఒక్క పూట కూడా తప్పకూడదు. వాంతి, గట్టి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, బరువులెత్తడం, వంగి చెప్పులు వెతుక్కోవడం, ఇవన్నీ ముఖంలోని నాళాలపై ఒత్తిడి పెంచేవే. తల 30 నుండి 45 డిగ్రీల ఎత్తులో ఉండేలా వెల్లకిలా పడుకోవాలి, కాని ఇందులో ఒక పొరపాటు జరుగుతుంటుంది: తల కింద దిండ్ల మీద దిండ్లు పేర్చితే గడ్డం ఛాతీకి ఆని, బిగించిన మెడ చర్మం మడతపడి రక్తం ఆగుతుంది. ఎత్తు నడుము నుండే రావాలి, గడ్డానికీ ఛాతీకీ మధ్య ఖాళీ ఉండాలి. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలు చాటను ఒడిలో పెట్టుకుని గంటల తరబడి తల వంచుకుని కూర్చుంటారు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి నాలుగో రోజే చాట ముందుకు చేరితే నెక్ లిఫ్ట్ చేయించుకున్న ఫలితమంతా ఆ భంగిమలోనే చెడిపోతుంది. సెల్‌ఫోన్ చూడడమూ ఇంతే.

పొగాకు సంగతి ఇంకా పెద్దది. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. చివరి మడి వంటి ఆ చర్మానికి అందే కొద్దిపాటి రక్తం కూడా అందదు. శస్త్రచికిత్సకు ముందూ వెనుకా కనీసం నాలుగేసి వారాలు బీడీ, చుట్ట, జర్దా, గుట్కా ఏదీ ముట్టకూడదు, ఇంట్లో ఇతరులు ఆ గదిలో పొగ తాగకూడదు. దాచిపెట్టి తాగేవారు సర్జన్‌ను మోసగించగలరు, చర్మాన్ని మోసగించలేరు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పసుపు పండించే నేల కనుక పెద్దమ్మలు కుట్ల మీద పసుపు ముద్ద పెట్టమని చెప్పడం ఖాయం. వంటింటి పసుపు క్రిమిరహితం చేసినది కాదు, కుట్ల మధ్య అది చేరితే చీము పట్టే అవకాశం ఉంది. కోపం తెచ్చుకోకుండా ఆ డబ్బాను పక్కన పెట్టించాలి. మొద్దుబారిన చర్మంపై ఐస్ నేరుగా పెట్టినా, వేడి కాపడం పెట్టినా గాయమవుతుంది. నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడాలే తప్ప, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి కనుక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకూడదు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు మాత్రం దాన్ని సొంతంగా ఆపకుండా ఇద్దరు వైద్యులనూ అడగాలి. తిండి మెత్తగా, ఉప్పు తక్కువగా ఉండాలి. సకినాలు, కాల్చిన మక్క కంకులు రెండు వారాలు ఆగవచ్చు, కల్లు కూడా ఆగాలి. మంచానికి అతుక్కుపోకుండా మొదటి రోజు నుండే ఇంట్లో మెల్లగా నడిపించాలి, లేకపోతే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. పిక్కలో నొప్పి, వాపు లేదా అకస్మాత్తుగా ఆయాసం వస్తే దవాఖానకు తీసుకుపోవాలి.

మొదటి వారంలో అద్దం చూసుకుని ఏడ్చేవారు ఉంటారు. కమిలిన రంగు మెడ మీదికి, ఛాతీ వరకు జారుతుంది, ఇది భూమ్యాకర్షణ వల్ల జరిగేదే. చాలావరకు రెండు వారాలలో తగ్గుతుంది. కింది పెదవి ఒక వైపు వంకరగా కదిలితే నరం వాచిందని అనుకోవచ్చు, ఎక్కువమందిలో వారాలలో, కొందరిలో నెలలలో సర్దుకుంటుంది; అయినా వైద్యునికి చూపకుండా ఊరుకోకూడదు. చెవి తమ్మె స్పర్శ నెలల తరబడి రాకపోవచ్చు. మచ్చ నెమ్మదించడానికి ఏడాది పడుతుంది, జగిత్యాల ఎండాకాలంలో అది నల్లబడకుండా గాయం మానాక సన్‌స్క్రీన్, కొంగు, గొడుగు మూడూ అవసరమే. చెవి చుట్టూ మచ్చ ఉబ్బి దురద పెడితే కెలాయిడ్ అని అనుమానించి తొందరగా చూపించాలి. బరువైన కమ్మలు, జుట్టుకు రంగు, వేడిగాలి డ్రయ్యర్ వంటివి సర్జన్ అనుమతించేదాకా, సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాల వరకు, వాయిదా వేయాలి. పెళ్లి ముహూర్తం దగ్గర పడుతోందని రంగు తొందరపడి వేయించుకోవాలనే వారికి ఈ వాక్యాన్ని చూపవచ్చు.